మూడుకీ రెండున్నరకీ మధ్య

ప్రశ్న: రివ్యూల్లో గొప్ప సినిమాకి ఐదుకి నాలుగున్నర, చెత్త సినిమాకి ఒకటి వేస్తే అర్థమవుతుంది. తికమకంతా రెండున్నర, మూడు దగ్గరే. 'ఒకసారి చూడొచ్చు' అనిపించే సినిమాకి విమర్శకులు అంకె ఎలా తేలుస్తారు?

జవాబు: విమర్శకుడి అసలు పని అక్కడే మొదలవుతుంది. చెత్తని చెత్త అనడానికి పెద్ద విద్య అక్కర్లేదు. ఓ మోస్తరు సినిమాలో మంచీ చెడూ కలగలిసి ఉంటాయి కాబట్టి ఏది దేన్ని పాడుచేసిందో విడదీసి చూడాలి. చేయి తిరిగిన విమర్శకులు ముందు చూసేది ఈ సినిమా ఏం చేయబోయిందన్నది. భయపెట్టబోయిందా, నవ్వించబోయిందా, ఏడిపించబోయిందా? ఆ పని ఎక్కడ గాడి తప్పిందన్నది ఆ తర్వాతి సంగతి. లోపం చాలాసార్లు కథలో కాదు, కథనంలో దొరుకుతుంది. ప్రధాన పాత్రకి ఏం కావాలో అరగంటైనా తెలియదు. ఒక సీన్లో తెలిసిపోయిన సంగతినే మరో రెండు సీన్లలో చెబుతారు. చిక్కుముడి పాత్రల నిర్ణయాల వల్ల కాకుండా కాకతాళీయంగా విడిపోతుంది. థియేటర్లో నోట్సు రాసుకునేవాళ్లకి పనికొచ్చే కిటుకు ఒకటుంది: మొదటిసారి గడియారం చూసిన నిమిషం గుర్తుపెట్టుకోవాలి. తెగిన దారం సాధారణంగా దానికి పది నిమిషాల ముందే ఉంటుంది.

విభాగాలవారీగా మార్కులు వేసి సగటు తీయడం పెద్ద ఉచ్చు. కథకి 2, నటనకి 4, కెమెరాకి 4, సంగీతానికి 4 వేస్తే సగటు మూడున్నర. ఆ సినిమా చూసి బయటికొచ్చినవాళ్లు మాత్రం మూడున్నర అనరు. ఎందుకంటే ఇవి కూడికలు కావు, గుణకారాలు. పాత్ర మీద నమ్మకం పోయాక ఎంత మంచి ఏడుపైనా మనని తాకదు, ఎంత మంచి వాయిద్యమైనా మోతే. అందుకే రివ్యూ మొత్తం రాశాక అంకె వేయడం మేలు. ముందే వేస్తే వాక్యాలన్నీ ఆ అంకె తరఫున వకాల్తా పుచ్చుకుంటాయి.

ఐదు చుక్కల లెక్కలో స్థూలంగా గీత ఇదీ: లోపాలున్నా చూడమనగలిగితే మూడు, మంచి ఉన్నా చూడమనలేకపోతే రెండున్నర.

ప్రశ్న: ఒక పత్రికలో రెండున్నర, ఇంకో పత్రికలో రెండున్నర. రెండూ ఒకటేనా?

జవాబు: ఎంతలో అన్నది చూడండి. నాలుగులో రెండున్నర అంటే నూటికి 62.5, ఐదులో అయితే 50. అమెరికాలో 1928లో న్యూయార్క్ డైలీ న్యూస్ పత్రికలో అయిరీన్ థైరర్ చుక్కలు వేయడం మొదలుపెట్టినప్పుడు గరిష్ఠం మూడే!

ప్రశ్న: విమర్శకుల రివ్యూలన్నీ పోగుచేసి ఒక్క అంకె చెప్పే వెబ్‌సైట్లున్నాయి. ఒకే సినిమాకి వాటిలో రాటెన్ టొమాటోస్‌లో నూటికి 90 పైన, మెటాక్రిటిక్‌లో 60 దరిదాపుల్లో ఉంటుంది. ఎవరిని నమ్మాలి?

జవాబు: ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కాకపోతే వేరువేరు ప్రశ్నలకి. రాటెన్ టొమాటోస్ శాతం అంటే ఎంతమంది విమర్శకులు 'బాగుంది' వైపు ఉన్నారన్నది మాత్రమే. ఎంత బాగుందో అందులో ఉండదు. 60 శాతం, ఆపైన ఉంటే 'బాగుంది' గుర్తుగా ఎర్ర టొమాటో. మెటాక్రిటిక్ ప్రతి రివ్యూనీ నూటికి మార్చి, కొన్ని పత్రికలకి ఎక్కువ బరువిచ్చి సగటు కడుతుంది. అక్కడ సినిమాలకి 61 నుంచి ఆకుపచ్చ రంగు (బాగుంది), 40 నుంచి 60 దాకా పసుపు (మిశ్రమం).

ఒక లెక్క చేసి చూడండి. పదిమంది విమర్శకులూ ఐదుకి మూడు వేశారనుకోండి. మొదటిచోట పదికి పది, అంటే 100 శాతం. రెండోచోట 60 ప్రాంతం, పసుపు. ఇంకో సినిమాకి ఆరుగురు ఐదుకి ఐదు, నలుగురు ఒకటి వేశారు. శాతం 60కి పడిపోతుంది, మామూలు సగటు మాత్రం 3.4, అంటే నూటికి 68. ఎవరినీ నొప్పించని మధ్యస్థ సినిమాకి మొదటి పద్ధతి మహా అనుకూలం. కాబట్టి శాతంతో పాటు సగటు రేటింగు కూడా చూడండి. వంద శాతం పక్కన పదికి 6.3 ఉంటే అది కళాఖండం కాదు, అందరికీ ఫర్వాలేదనిపించిన సినిమా.

ప్రశ్న: అల్లరి కామెడీకీ గంభీరమైన సినిమాకీ ఒకే విమర్శకుడు మూడే వేశాడు. రెండూ సమానమా?

జవాబు: కాదు. అమెరికన్ సినీ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ తన చుక్కలు సాపేక్షమని బాహాటంగానే చెప్పేవారు. సూపర్‌హీరో సినిమాని సూపర్‌హీరో సినిమాలతోనే తూచాలన్నది ఆయన వాదన. న్యాయమైన పద్ధతే గానీ దీనికో చిక్కుంది: వేరు జాతుల సినిమాల చుక్కల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. చుక్కలు వదిలేసి విశేషణాలు చదవండి. 'ఆకట్టుకుంటుంది' అని ఒట్టిగా అంటే పొగడ్త, 'అక్కడక్కడా ఆకట్టుకుంటుంది' అంటే సంస్కారవంతంగా పెదవి విరవడం.

ప్రశ్న: నేనూ రివ్యూలు రాస్తాను. ఏ సినిమాకైనా చేయి మూడు దగ్గరే ఆగుతోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు మీ పాత రేటింగులు ఓ ముప్పై వరస పెట్టండి. అందులో మూడు పొందిన వాటిని మళ్లీ ఒకటి నుంచి చివరిదాకా మెరుగు క్రమంలో సర్దండి. అట్టడుగున ఉన్నవి మీకు ఇప్పుడు కథైనా గుర్తుండవు. అవి రెండున్నరలు. పైన మిగిలినవాటిలో రెండు మూడింటిని కొలతరాళ్లుగా ఉంచుకుని, కొత్త సినిమా దానికంటే మెరుగా, తక్కువా అని అడగండి. విడిగా అంకె వేయడం కంటే జతలో పోల్చడం తేలిక. పావు చుక్కల జోలికి పోకండి. రెండుముప్పావు వేశారంటే తేల్చుకోలేదనే అర్థం. చూసే ముందు ట్రైలరూ, ఇతరుల రివ్యూలూ మానేయండి. ఏమీ ఆశించకుండా వెళ్లి మూడు, ఎంతో ఆశించి వెళ్లి రెండు వేయడమే అన్నిటికంటే మామూలు పొరపాటు. రోజుకి మూడు నాలుగు సినిమాలు చూస్తే, నీరసమైన సినిమా తర్వాత వచ్చిన మామూలు సినిమా కూడా మెరిసిపోతుంది. వీలుంటే ఒక రాత్రి గడవనిచ్చి అంకె వేయండి.