డిగ్రీ పిల్లలకు హెచ్‌ఐవీ గురించి అన్నీ తెలుసు కదా, మరి జాగ్రత్త ఎందుకు పడరు? రిస్క్ జరిగితే ఏం చేయాలి?

నెల్లూరులోనో ఒంగోలులోనో హాస్టల్లో ఉండి చదివే పిల్లల్ని అడిగి చూడండి. హెచ్‌ఐవీ ఎలా వస్తుందో గడగడా చెప్పేస్తారు. కాలేజీలో హెచ్‌ఐవీ గురించి అవగాహన కల్పించే రెడ్ రిబ్బన్ క్లబ్ ర్యాలీకి వెళ్లొచ్చినవాళ్లూ ఉంటారు. కానీ తమ దాకా వచ్చేసరికి "తను అలాంటిది కాదు, మంచి ఇంటి అమ్మాయి" అంటారు. అమ్మాయిలూ అబ్బాయిల గురించి అదే మాట. మనిషిని చూసి లెక్కేయడమే అసలు ప్రమాదం. వైరస్ ఉన్నా ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు.

రెండోది సిగ్గు. కండోమ్ కోసం ట్రంకు రోడ్డులో మెడికల్ షాపు దాకా వెళ్లి, తెలిసినవాళ్లు కనపడగానే తలనొప్పి మాత్ర కొనుక్కుని వచ్చేస్తారు. ఇందులో పిల్లల తప్పు కన్నా మన పెద్దల తప్పే ఎక్కువని నా అభిప్రాయం.

రిస్క్ జరిగిందనిపిస్తే టెన్షన్ పడుతూ కూర్చోవద్దు. 72 గంటల్లోపు డాక్టరును కలిసి పెప్ మందుల గురించి, అంటే రిస్క్ తర్వాత వైరస్ సోకకుండా ఆపడానికి ఇచ్చే మందుల గురించి అడగండి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. 28 రోజులు మానకుండా వాడాలి.

ఆ గడువు దాటితే ప్రభుత్వ పెద్దాసుపత్రిలోని ఐసీటీసీలో, అంటే సలహా ఇచ్చి హెచ్‌ఐవీ పరీక్ష చేసే కేంద్రంలో పరీక్ష చేయించుకోండి, అది ఉచితం. మీ అనుమతి లేకుండా ఫలితం బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టమే చెబుతోంది. మర్నాడే నెగెటివ్ వచ్చిందని ధీమా పడకండి, మూడు నెలలకు మళ్లీ చేయించుకోవాలి. పాజిటివ్ వచ్చినా వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితమే. వాటిని క్రమంగా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గి అలాగే ఉంటే, లైంగికంగా ఇంకొకరికి సోకదు. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.