మేడంది మా అమ్మాయి ఈడు

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. కోస్తాలో ఒక తహసీల్దారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ని. గ్రూప్-2 రాసి డిప్యూటీ తహసీల్దారుగా వచ్చిన మేడంకి 27 ఏళ్లు. ఈ-ఆఫీసులో (ఫైళ్లు నడిపే కంప్యూటర్ వ్యవస్థలో) నేను పెట్టే నోట్‌ని అందరి ముందూ తప్పుపడుతుంది. కంప్యూటర్ పని పక్క సీటు కుర్రాడు నా లాగిన్‌తో చేసిపెడతాడు. రాత్రి తొమ్మిదింటికి కూడా వాట్సాప్ మెసేజ్‌లే. మొన్న ఒక రైతు పొలం విస్తీర్ణం వెబ్‌ల్యాండ్‌లో (ఆన్‌లైన్ భూమి రికార్డుల్లో) తప్పు పడితే ఆమె పాత రికార్డు కోసం గంటసేపు వెతికింది. పాత అడంగల్ (ఊరి పొలాల వివరాలు రాసే రిజిస్టర్) ఏ బీరువాలో ఉందో తెలిసీ నేను నోరు విప్పలేదు, రైతు ఉత్త చేతులతో వెళ్లిపోయాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) పెట్టేయనా?

జవాబు: ఆ రైతు ఉత్త చేతులతో వెళ్లాడన్న బాధే మిమ్మల్ని పడుకోనివ్వలేదని నాకనిపిస్తోంది. పని మీద అంత మమకారం ఉన్నవారు కోపంలో వీఆర్ఎస్ పెట్టకండి. ఏపీలో 2022లో రిటైర్మెంట్ వయసు 62 చేశారు కాబట్టి మీకింకా నాలుగేళ్ల సర్వీసుంది.

నలుగురిలో తప్పుపట్టడం ఆమె పొరపాటే. కానీ తండ్రి వయసువాళ్లతో పని చేయించడం 27 ఏళ్ల పిల్లకి ఎంత టెన్షనో ఆలోచించండి. పెండింగ్ ఫైళ్లకి పైవాళ్ల చేత మాట పడేది ఆమే. తెలియదంటే చులకనైపోతానని ఆమె గొంతు పెంచుతోంది. కంప్యూటర్ రాదంటే పరువు పోతుందని మీరు లాగిన్ కుర్రాడి చేతికిచ్చారు. అది మాత్రం వెంటనే మానేయండి. మీ లాగిన్‌లో ఏం జరిగినా విచారణలో జవాబు చెప్పాల్సింది మీరే. రోజూ ఓ అరగంట ఆ కుర్రాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, మౌస్ మీరే పట్టుకోండి. ఏది నొక్కాక ఏది నొక్కాలో తెలుగులో నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఆమె ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లి, "మేడం, నా తప్పుంటే పిలిచి చెప్పండి, సరిదిద్దుకుంటాను. అందరిలో అంటే కష్టంగా ఉంది" అనండి. "మీ వయసు కూతురుంది నాకు" అన్న మాట మాత్రం వద్దు. మీరు ఆప్యాయంగా అన్నా, తన కుర్చీని తక్కువ చేశారనే ఆమెకు అనిపిస్తుంది. రాత్రి మెసేజ్‌ల సంగతీ అప్పుడే అడిగేయండి. ఆ వయసువాళ్లు చాలామంది మర్చిపోతామని గుర్తొచ్చినప్పుడే పంపేస్తుంటారు, పొద్దున చూసినా వాళ్లకి అభ్యంతరం ఉండదు.

రేపు వెళ్లగానే బీరువాలోంచి ఆ అడంగల్ తీసి, ఆ సర్వే నంబరున్న పేజీలో కాగితం ముక్క పెట్టి మేడంకి చూపించండి. మొన్న ఎందుకు చెప్పలేదని అడిగితే దాచకుండా చెప్పండి. ఆ రైతుకి ఫోన్ మీరే చేయండి.