పోలీసులకు ఇంకా అధికారాలు ఇస్తే దొంగతనాలు తగ్గుతాయా?

తగ్గవు. ఉన్న అధికారాన్ని వాడే మనిషే స్టేషనులో లేనప్పుడు కొత్తది ఇచ్చి ఏం లాభం?

మాది అనంతపురం జిల్లా, కల్యాణదుర్గం వైపు పల్లె. 2022 ఏప్రిల్‌లో ఒకరోజు తెల్లవారుజామున నాన్న చీనీ తోటకు నీళ్లు పెట్టడానికి వెళ్తే స్టార్టర్ పెట్టె నుంచి బోరు దాకా కేబుల్ లేదు. వంక ఒడ్డున కాలిన ప్లాస్టిక్ తొక్క ఇంకా వెచ్చగా ఉంది. రాగి తీసుకుపోయారు. పక్కనే మట్టిలో టైరు గుర్తులు.

స్టేషనులో ఒక్క కానిస్టేబులే ఉన్నాడు. ఎస్సై, మిగతావాళ్లు మంత్రి పర్యటన బందోబస్తుకు వెళ్లారట. అతనూ జాతర డ్యూటీ చేసి ఆ ఉదయమే వచ్చాడు. బూట్లు విప్పి బల్ల కింద పెట్టుకున్న కాళ్లు వాచి ఉన్నాయి. "కాగితం రాసిచ్చి పోండి, పెద్దాయనా" అన్నాడు. ఇలాంటి నేరంపై ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందేనని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పిందని గుర్తు చేశాను. "రాస్తాం సార్. తర్వాత దర్యాప్తుకు ఎవరు వెళ్లాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఊళ్లో కొందరు గొర్రెలు కాసే కుర్రవాడి పేరు చెప్పారు. నాలుగు తగిలిస్తే ఒప్పుకుంటాడట! సైకిలైనా లేనివాడు ఆ టైరు గుర్తులు ఎలా వేస్తాడు? లాఠీకి పని చెప్పమనే వాళ్లందరికీ ఎప్పుడూ ఇలాంటి బీదవాడే కనిపిస్తాడు. నాన్న గట్టిగా కాదన్నారు. కాల్చిన రాగిని కొనే పాత సామాన్ల కొట్టు జోలికి మాత్రం ఎవరూ వెళ్లరు. దొంగసొత్తని అనుమానం వస్తే వారంటు లేకుండానే స్వాధీనం చేసుకోవచ్చని అప్పటి నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 102 సెక్షన్‌లోనే ఉంది. దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. ఇంతకు మించిన అధికారం దేనికి?

దర్యాప్తు చేసే పోలీసులను శాంతిభద్రతల పోలీసుల నుంచి వేరు చేయాలని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. ముందు పెద్ద నగరాల్లో మొదలుపెట్టి మెల్లగా చిన్న ఊళ్లకు తేవాలన్నది. మా మండలం దాకా అది రాలేదు. మా ఎస్సైకి జాతర, ధర్నా, ఎన్నికలు, నాయకుల రాక, అన్నీ అయ్యాకే దొంగతనం.

తొమ్మిదో రోజున ఎఫ్‌ఐఆర్ రాసి ఇద్దరు తోటకు వచ్చారు. అప్పటికి వంక ఒడ్డున గొర్రెల గిట్టల గుర్తులే మిగిలాయి.