నెల్లూరు శివారు మేడ మీదికి 15×70 చాలండీ

నెల్లూరు శివారులో మేడ మీద నుంచి రాత్రి ఆకాశం చూడటానికి 20×80 బైనాక్యులర్ కొనాలా, 15×70 సరిపోతుందా అని అడిగారు. నా ఓటు 15×70కే.

మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 70ని 15తో భాగిస్తే దాదాపు 4.7. కంటిలోకి వచ్చే కాంతి పుంజం వెడల్పు అన్ని మిల్లీమీటర్లన్నమాట. 7×50లో అది 7 దాటుతుంది. కాబట్టి వీధి దీపాలతో తెల్లబారిన ఆకాశం అందులో మరీ వెలవెలబోతుంది. నలభై దాటినవారి కంటిపాప అంత తెరుచుకోకపోవచ్చు కూడా. 20×80లో అది 4, కాబట్టి నేపథ్యం ఇంకాస్త నల్లగా ఉంటుంది. కానీ బరువు రెండు కిలోలకు పైమాటే, గట్టి స్టాండు లేనిదే చుక్క నిలవదు. 15×70కీ స్టాండు కావాలి, మామూలుదైనా నెట్టుకురావచ్చు. నడినెత్తిన ఉన్నవి చూడాలంటే మాత్రం పడక కుర్చీయే శరణ్యం. నా మెడ చెప్పిన పాఠం ఇది.

కొనగానే దూరపు దీపాన్ని చూడండి. ఒకటి రెండుగా కనిపిస్తే, కళ్లు లాగినట్లుంటే వెంటనే వాపసు ఇవ్వండి. కొరియర్లో వచ్చిన నా మొదటిది అలాంటిదే.

మే నెలలో రాత్రి పది ప్రాంతంలో మైపాడు తీరం నుంచి దక్షిణం వైపు చూడండి. దిగంతానికి 28 డిగ్రీల ఎత్తున ఒమేగా సెంటారీ అనే నక్షత్రాల గుంపు గుండ్రటి దూదిపింజలా కనిపిస్తుంది. ఉత్తరాదివారికి ఇంత ఎత్తున దొరకదు! ఇంటికి రాగానే ఉప్పుతేమ ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టండి. లేకపోతే అద్దాలకు బూజు పడుతుంది.