టీ3 తక్కువ, టీఎస్‌హెచ్ నార్మల్: నా రిపోర్టూ ఇలాగే ఉండేది

తిండి బాగా తగ్గించి బరువు కోల్పోయాక థైరాయిడ్ హార్మోన్ అయిన టీ3 తక్కువ వచ్చిందనీ, థైరాయిడ్ గ్రంథిని పని చేయమని మెదడు దగ్గరి పిట్యూటరీ గ్రంథి పంపే టీఎస్‌హెచ్ మాత్రం నార్మల్‌గానే ఉందనీ మీరు రాశారు. థైరాయిడ్ మాత్ర వేసుకుంటే ఈ చలి, నీరసం, జుట్టు రాలడం తగ్గుతాయా అని అడిగారు. నాలుగేళ్ల క్రితం నా పరిస్థితీ ఇదే. నాకున్నది అనోరెక్సియా, అంటే బరువు పెరుగుతామన్న భయంతో తిండి బాగా తగ్గించేసే మానసిక జబ్బు. కానీ ఆ మాట ఒప్పుకోవడం కంటే "నాకు థైరాయిడ్" అని చెప్పుకోవడం తేలిక. అందుకే అదే అయ్యుండాలని గట్టిగా కోరుకున్నాను.

మొదట వెళ్లిన చోట తిండి సంగతి దాచి, చలి, అలసట మాత్రమే చెప్పాను. తక్కువ మోతాదులో థైరాక్సిన్ అనే థైరాయిడ్ హార్మోన్ మాత్ర రాశారు. కొన్ని వారాల్లోనే గుండె దడ, నిద్ర లేకపోవడం మొదలయ్యాయి, బరువు ఇంకా తగ్గింది. ఆ తగ్గినందుకు లోపల సంతోషించాను, జబ్బు మనసుని అంతగా పట్టేస్తుంది. ఆకలితో కండ కరిగేటప్పుడు గుండె కండరం కూడా పలచబడుతుందనీ, ఆ గుండెని మాత్రతో పరిగెత్తించడం ఎంత ప్రమాదమో రెండో డాక్టర్ గారు చెప్పేదాకా నాకు తెలియదు.

ఆవిడ వివరించింది ఇది. థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా తయారు చేసేది టీ4. కణాల్లో అసలు పని చేసేది టీ3. టీ4లోంచి ఒక అయోడిన్ పరమాణువుని తీసేస్తే టీ3 అవుతుంది, ఆ మార్పిడి చాలావరకు కాలేయం లాంటి అవయవాల్లో జరుగుతుంది. తిండి చాలనప్పుడు శరీరం ఖర్చు తగ్గించుకోవడానికి ఈ మార్పిడిని తగ్గించేస్తుంది. టీ4ని రివర్స్ టీ3 అనే పని చేయని రూపంలోకి మళ్లిస్తుంది. పైగా కొవ్వు తరిగితే లెప్టిన్ అనే హార్మోన్ పడిపోతుంది, దాంతో మెదడు కూడా గ్రంథిని తొందరపెట్టదు. అందుకే టీ3 పడిపోయినా టీఎస్‌హెచ్ పెరగదు. గ్రంథే దెబ్బతిని ఉంటే టీఎస్‌హెచ్ పెరిగేది. అంటే నా ఒంట్లో గ్రంథి బాగానే ఉంది, పొదుపు నడుస్తోంది. చలి, మలబద్ధకం, నాడి నెమ్మదించడం, పొడి చర్మం అన్నీ ఆ పొదుపులో భాగాలే. దానికి మందు తిండీ, బరువూ.

మాత్ర ఆవిడే ఆపించారు. మీకు ముందునుంచే నిర్ధారణ అయిన హైపోథైరాయిడ్ (గ్రంథే తక్కువగా పని చేయడం) ఉండి మాత్ర వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపకండి. బరువు మారేకొద్దీ మోతాదు మార్చాల్సి రావచ్చు, అది డాక్టర్ చూడాలి. అనుమానం ఉంటే, ఒంటి రోగనిరోధక శక్తే థైరాయిడ్ మీద దాడి చేస్తోందేమో చూసే యాంటీ టీపీవో పరీక్ష కూడా రాస్తారు. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వేసుకుంటుంటే పరీక్షకి ముందే చెప్పండి, అది థైరాయిడ్ రిపోర్టుల్ని తప్పుగా చూపించగలదు.

కోలుకునేటప్పుడు నన్ను ఎక్కువ భయపెట్టింది జుట్టు. సరిగా తినడం మొదలుపెట్టాక కూడా రాలుతూనే ఉంది. ఒంటికి తగిలిన దెబ్బ జుట్టులో రెండు మూడు నెలలు ఆలస్యంగా కనిపిస్తుందని అప్పుడు తెలిస్తే అంత ఏడ్చేదాన్ని కాదు. రాత్రిళ్లు చెమటలు పట్టి దుప్పటి తడిసిపోయేది. అది ఒళ్లు మళ్లీ వేడెక్కుతున్న గుర్తు అన్నారు. కొన్ని నెలలకి, బరువు నిలకడగా పెరిగాక, టీ3 దానంతటదే మామూలుకి వచ్చింది. నెలసరి ఇంకా ఆలస్యంగా వచ్చింది. మధ్యలో టీఎస్‌హెచ్ కొంచెం పెరిగితే కంగారుపడ్డాను. కోలుకునే దశలో అలా జరుగుతుందని, ఆరు నుంచి ఎనిమిది వారాలాగి మళ్లీ చేయించారు. నార్మల్.

చాలాకాలం చాలా తక్కువ తిని ఉంటే ఒక్కసారిగా ఎక్కువ తినేయకండి. రక్తంలో ఫాస్ఫేట్ ప్రమాదకరంగా పడిపోవచ్చు, మొదటి వారాలు డాక్టర్ పర్యవేక్షణలోనే సాగాలి. కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడ ఉంటే ఈరోజే వెళ్లండి.

వెళ్లినప్పుడు తిండి సంగతి చెప్పండి. నోరు పెగలకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి. నేనూ అదే చేశాను. రాసింది రెండే వాక్యాలు. ఆవిడ చదివి, కాగితం పక్కన పెట్టి, ముందు నా నాడి పట్టి చూశారు.