ఎర్రమట్టి, తెల్లమట్టి పొత్తు

బిడ్డా,

నువ్వు పంపిన ఫొటో కళ్లద్దాలు పెట్టుకొని రెండుసార్లు చూశాను. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ అబ్బే అనే పాత చర్చిలో 1250ల నాటి నేల అన్నావు. ఎర్రమట్టి బిళ్ల (టైల్) మీద తెల్ల బొమ్మ. అది రంగు వేసింది కాదు, పొదిగింది. పచ్చిబిళ్ల మీద చెక్క అచ్చు కొట్టి, ఆ గుంటలో తెల్లమట్టి నింపి, పైన గీకి, గ్లేజు, అంటే కాలితే గాజులా మెరిసే పూత, పూసి కాల్చారు. అందుకే కాళ్ల కింద నలిగినా బొమ్మ నిలిచింది.

అలాంటి బిళ్లలు నువ్వూ చేస్తానంటూ డిజైన్ గురించే అడిగావు. అది తర్వాత. ముందు మట్టి సంగతి.

చెరువు మట్టి తెచ్చుకో, కానీ నమ్మకు. మన దిక్కు మట్టిలో సున్నపు గులకలు ఉంటాయి. కాలినప్పుడు ఏమీ తెలియదు. వారం పోయాక తేమ పీల్చి ఉబ్బి, పైపెచ్చు ఎగరగొడతాయి. ఎండిన మట్టి మీద నిమ్మరసం పిండి చూడు, బుసబుస పొంగితే ఆ మట్టి వద్దు. పొంగకపోయినా నానబెట్టి, పలుచగా కలిపి సన్న జల్లెడ పట్టు. మూడు పాళ్లకు ఒక పాలు మెత్తని ఇటుక పొడి కలిపితే పగుళ్లు తగ్గుతాయి.

తెల్లమట్టి అంటే ముగ్గుపిండి కాదు. అదీ సున్నం జాతే. చైనా క్లే (జిగురు తక్కువున్న తెల్లమట్టి), బాల్ క్లే (జిగురెక్కువ, ఎక్కువ కుదించుకునే మట్టి) కొని కలుపుకో. అసలు చిక్కంతా ఇక్కడే. రెండు రకాల మట్టి ఒక్కతీరుగా కుదించుకోవాలి. రెండింటితో వేర్వేరుగా పొడుగు పట్టీలు చేసి, పచ్చిగా ఉన్నప్పుడే 10 సెంటీమీటర్ల గీత గియ్యి. ఎండి కాలాక కొలువు. తెల్లది ఎక్కువ కుదించుకుంటే బొమ్మ చుట్టూ సందు వస్తుంది, బాల్ క్లే తగ్గించు. తక్కువ కుదించుకుంటే బొమ్మ పైకి ఉబుకుతుంది, బాల్ క్లే పెంచు. ఈ కొలతలకే నెల పడుతుంది. విసుక్కోకు.

అచ్చు గుంట రెండు మూడు మిల్లీమీటర్లు చాలు. బిళ్ల మందం రెండు సెంటీమీటర్లు. అచ్చుకు బూడిద అద్దితే అంటదు. తెల్లమట్టి గట్టి పెరుగులా కలిపి, ఒకసారి నింపి, అది కిందికి దిగాక మళ్లీ నింపు. గోరుతో గీస్తే గీత పడాలి, వేలు నొక్కితే దిగొద్దు. గీకడానికి అదే అదను. పచ్చిగా గీకితే తెలుపంతా ఎరుపు పూసుకుంటుంది.

మా బాపు గూన పెంకలు సారె మీద గొట్టంలా లాగి నిలువునా రెండుగా చీల్చేవాడు. వంపు పెంకకు ఎండటంలో బాధ లేదు. సాపు బిళ్లకే తిప్పలు, అంచులు ముందు ఎండి లేస్తాయి. ఒకసారి హోటల్ గోడకని అరవై బిళ్లలు ఒప్పుకొని, తొందరపడి ఫ్యాన్ కింద పెట్టాను. తెల్లారేసరికి అన్నీ అప్పడాలు! అడ్వాన్స్ వెనక్కి ఇచ్చాను. నువ్వు చెక్కల మధ్య పేపర్లు వేసి, రోజూ తిరగేస్తూ నీడలో ఆరబెట్టు. నల్లగొండ ఎండాకాలంలో నీడ కూడా ఎండే, తడి గోనెసంచి కప్పు.

మన ఆవంలో కుండ కాలుతుంది గానీ గ్లేజు కరగదు. దానికి 1000 డిగ్రీల దాకా కావాలి, కరెంటు కొలిమి చూసుకో. మొదట నూరు డిగ్రీలు దాటేదాకా నిదానంగా పెంచు, లేకుంటే లోపలి నీళ్లు ఆవిరై పగలగొడతాయి. 573 దగ్గర ఇసుక ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే ముడుచుకుంటుంది. ఆ చోట రెండు వైపులా తొందర వద్దు. చెయ్యి పెట్టగలిగేదాకా తలుపు తీయకు. ఆ కాలంలో గ్లేజుకు సీసం వాడారు. నువ్వు మాత్రం సీసం లేనిదే కొను, ఇంట్లో పిల్లలున్నారు.

డిజైన్‌కు లండన్ దాకా ఎందుకు, పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం ఇంటి దగ్గరే ఉంది. స్తంభాల ముందు కూర్చొని పెన్సిల్‌తో గీసుకో. అచ్చు దిగుతుందని రాతికి మట్టి మాత్రం అద్దకు, అది కాపాడుకోవాల్సిన గుడి. సన్న గీతలు మట్టిలో నిలవవు, హంస ఒక్కటి లావుగా గియ్యి చాలు.

ముందు పది బిళ్లలే చెయ్యి. దసరాకు వచ్చేటప్పుడు పగిలినవీ తీసుకురా. పగులు చూస్తే ఏ మట్టి ముందు లాగిందో చెప్తాను.

మీ పెద్దబాపు