మీ ప్రశ్న – మా జవాబు: ఎగుడుదిగుడు నేలకు జీరో టర్న్ మోవర్

విశాఖ చుట్టుపక్కల తోటలు, రిసార్టులు, లేఔట్లు చూసుకునేవారి ఉత్తరాలు ఈసారి ఎక్కువ. అందరి మోజూ జీరో టర్న్ మీదే. కూర్చుని నడిపే ఈ గడ్డి కోత బండికి స్టీరింగు ఉండదు, రెండు లివర్లుంటాయి. వెనక ఒక్కో చక్రానికి ఒక్కో హైడ్రాలిక్ డ్రైవు ఉంటుంది కాబట్టి ఒక చక్రం ముందుకు, ఒకటి వెనక్కి తిప్పితే బండి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. చెట్ల మధ్య దీన్ని మించింది లేదు. నేల బాగుంటేనే సుమండీ.

ప్రశ్న: ఆనందపురం దగ్గర మాకు 5 ఎకరాల తోట ఉంది. కొబ్బరి, మామిడి చెట్ల మధ్య గడ్డి, అక్కడక్కడ రాళ్ళు, చెదపుట్టలు. వానాకాలంలో గడ్డి మోకాలెత్తు లేస్తుంది. 60 అంగుళాల డెక్ (బ్లేడ్లు తిరిగే కింది గూడు), 25 హెచ్.పీ. ఇంజను ఉన్న జీరో టర్న్ కొనమంటున్నారు. కొనవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. మోకాలెత్తు గడ్డి మోవర్ పని కాదు, ట్రాక్టర్‌కి తగిలించి గడ్డి కొట్టే స్లాషర్ పని. పొడవాటి గడ్డిని డెక్ ముందంచు వంచేసి మీదుగా వెళ్ళిపోతుంది. వంగిన గడ్డి బ్లేడుకు అందదు, మర్నాడు మళ్ళీ లేచి నిలబడుతుంది. అందిన గడ్డి డెక్ కింద ముద్దకట్టి బెల్టును జార్చేస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు, గడ్డిలో రాయి కనబడదు. స్లాషర్ బ్లేడు బోల్టు మీద వదులుగా తిరుగుతుంది, రాయి తగిలితే వెనక్కి మడుచుకుంటుంది. మోవర్ బ్లేడు బిగించి ఉంటుంది. దెబ్బంతా బ్లేడును తిప్పే ఇరుసు, అంటే స్పిండిల్ మీద పడుతుంది. బ్లేడు కొస వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుందని గుర్తుంచుకుంటే ఆ రాయి ఎటు ఎగురుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

కాబట్టి ముందు 20–25 హెచ్.పీ. మినీ ట్రాక్టర్‌కి 4 అడుగుల స్లాషర్ తగిలించి, అద్దెకైనా సరే, తోటంతా ఒకసారి కొట్టించండి. నేల బయటపడ్డాక రాళ్ళు ఏరించండి. కదలని బండల చుట్టూ, మొద్దుల చుట్టూ సున్నంతో గీత గీయండి. పుట్టలు చదును చేసి, గుంతలు ఎర్రమట్టితో నింపి తడిపి తొక్కించండి. ఆ మట్టి ఒక వాన తిన్నాక కుంగుతుంది, మళ్ళీ నింపాలి. తర్వాత పది రోజులకోసారి మూడు నాలుగు కోతలు పడితే గరిక అడ్డంగా పాకి నేలను కప్పేస్తుంది, నిటారుగా పెరిగే కలుపు తగ్గుతుంది. వయ్యారిభామను పూత రాకముందే కొట్టాలి. తుంగ మాత్రం కోతకు లొంగదు, దాని దుంప నేలలో భద్రంగా ఉంటుంది.

అప్పుడు జీరో టర్న్ మాట. డెక్ వెడల్పు లెక్క వేసి చూడండి. 48 అంగుళాలంటే 1.22 మీటర్లు. వరసకీ వరసకీ 10 సెంటీమీటర్లు కలిపి కోస్తే మిగిలేది 1.1 మీటరు. ప్రచార పత్రంలో గంటకు 12–16 కిలోమీటర్లని ఉంటుంది గానీ, గతుకుల్లో 5 దాటితే నడుము ఒప్పుకోదు. గంటకు 5,500 చదరపు మీటర్లు. మలుపులకు, చెట్ల చుట్టూ తిరగడానికి ఐదోవంతు తీసేస్తే 4,400, అంటే ఎకరా పైన కొద్దిగా. మీ 5 ఎకరాలకు నాలుగున్నర గంటలు. ఇదే లెక్క 60 అంగుళాలకు వేస్తే మూడున్నర గంటలు. మీకు కలిసొచ్చేది ఒక్క గంట. దానికోసం వెడల్పాటి డెక్‌తో ప్రతి మెరక దగ్గరా గడ్డిని వేరుదాకా గీకేసుకోవడం అనవసరం. ఎగుడుదిగుడు నేలకు 48–54 మధ్యే సరైన కొలత. చదునైన పచ్చికకైతే 60 కొనండి, కాదనం. ఇంకోటి, డెక్ అంకె గేటు వెడల్పు కాదు. గడ్డి బయటికి కొట్టే పక్కమూతి మరో అడుగో, అడుగుంపావో ఉంటుంది.

హెచ్.పీ. గురించి ఎక్కువ ఆలోచించకండి. ఆ డెక్‌కు 22–25 సరిపోతుంది. డబ్బు పెట్టాల్సింది హైడ్రో (చక్రాలు తిప్పే హైడ్రాలిక్ డ్రైవు) మీద, డెక్ రేకు మీద. చవక బండ్లలో హైడ్రో పూర్తిగా మూసేసి ఉంటుంది, బయట ఫిల్టరు ఉండదు. ఇంటి లాన్‌కి అది చాలు. గతుకుల్లో, ఎత్తుల్లో గంటలకొద్దీ లాగితే నూనె కాగి పలచబడి బండి నీరసిస్తుంది. మీకు కావలసింది బయట ఫిల్టరు, పైన ఫ్యాను, నూనె మార్చుకునే వీలు ఉన్న రకం. డెక్ అచ్చులో నొక్కినది కాకుండా పలకలు వెల్డింగు చేసినదై ఉండాలి. గేజ్ అంకె తగ్గేకొద్దీ రేకు మందం. 13 గేజ్ అంటే 2.3 మిల్లీమీటర్లే, 10 గేజ్ 3.4, 7 గేజ్ 4.5. మీ నేలకు 10 కన్నా పలచనిది వద్దు. స్పిండిల్ గూడు పోత ఇనుముదై, గ్రీజు నిపిల్ ఉంటే మంచిది. అల్యూమినియం గూడు రాయి దెబ్బకు బోల్టు చెవి దగ్గర పగులుతుంది. ఎర్రమట్టి దుమ్ముకు పెద్ద డబ్బాలాంటి ఎయిర్ ఫిల్టరు అవసరం. స్ప్రింగు సీటు విలాసం కాదు. తుమ్మముళ్ళు ఉంటే ముందు చక్రాలు గాలి అక్కర్లేని రకం తీసుకోండి, కాస్త ఎగరేసినా పంక్చరు బాధ ఉండదు.

సంతకం పెట్టేముందు డీలరును ఒక్కటే అడగండి: బెల్టు, స్పిండిల్, బ్లేడు క్లచ్ ఇప్పుడు మీ దగ్గర ఉన్నాయా, తెప్పించాలా? తెప్పించాలంటే బండితోపాటే రెండు జతల బ్లేడ్లు, ఒక డెక్ బెల్టు, ఒక పూర్తి స్పిండిల్, ఫిల్టర్లు కొని పెట్టుకోండి. బేరింగుల మీదున్న నంబరు చూసి, రెండువైపులా రబ్బరు సీలున్నవి గాజువాక ఆటోనగర్‌లో వెతికి తెచ్చుకోవచ్చు. బెల్టు విషయంలో ఆ పని చేయకండి. పిండిమిల్లు బెల్టు కొలతకు సరిపోయినా, వీపు మీద పుల్లీలు నొక్కే మోవర్‌లో నాలుగు రోజుల్లో సాగి కాలిపోతుంది.

ప్రశ్న: భీమిలి వైపు మా రిసార్టు లాన్ కొండవాలులో ఉంది, కింద చెరువు. జీరో టర్న్ పనికొస్తుందా? ఎంత వాలు వరకు నడపవచ్చు?

జవాబు: కళ్ళతో అంచనా వేయకండి, కొలవండి. మీటరు పొడవు తిన్నని చెక్క తీసుకుని ఒక కొస వాలు మీద ఆనించండి. రసమట్టం పెట్టి చెక్కను సమం చేసి, రెండో కొస కింద ఖాళీ ఎంతో టేపుతో చూడండి. 17.6 సెంటీమీటర్లుంటే 10 డిగ్రీలు, 27 అయితే 15. బండి పుస్తకంలో రాసిన హద్దు సాధారణంగా 10కీ 15కీ మధ్య ఉంటుంది. 15 దాటినచోట కూర్చుని నడిపే మోవరే వద్దు, బ్రష్ కట్టర్ పట్టుకున్న మనిషిని పంపండి. పది చోట్ల కొలిచి, అన్నిటికన్నా నిటారుగా ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

జీరో టర్న్ వాలులో ఎందుకు ప్రమాదమంటే, ముందు చక్రాలు ఊరికే తిరిగే కాస్టర్లు, వాటికి దారి చూపే శక్తి లేదు. మలపడం, ఆపడం రెండూ వెనక చక్రాల పట్టు మీదే. తడి గడ్డిలో ఆ పట్టు పోతే స్టీరింగూ పోయినట్టే, బ్రేకూ పోయినట్టే. మీకు సముద్రపు మంచు పొద్దున్న తొమ్మిది దాకా ఆరదు. అంతకుముందు వాలు మీదకి వెళ్ళకండి. జారడం మొదలైతే వెంటనే బ్లేడ్లు ఆపి, మలపకుండా నిదానంగా తిన్నగా కిందికి దిగండి. చెరువు గట్టుకు బండి వెడల్పుకు రెండింతల దూరం వదలండి, ఆ గడ్డి చేత్తో కోయించండి. బండి బోల్తా పడితే కాపాడే వెనక కమ్మీ లేపి ఉన్నప్పుడు సీటు బెల్టు పెట్టుకోవాలి. కొమ్మల కింద కమ్మీ మడిచినప్పుడు బెల్టు పెట్టుకోకూడదు, మడిచిన కమ్మీతో వాలెక్కకూడదు.

ప్రశ్న: ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20 పెట్రోలే. మోవర్ ఇంజనుకు పోయవచ్చా?

జవాబు: పేరున్న చిన్న ఇంజన్ల పుస్తకాల్లో ఎక్కువగా ఇథనాల్ 10 శాతం మించకూడదనే ఉంటుంది. ఈ20లో 20 శాతం. కార్బురేటర్ ఉన్న ఇంజను దానికి తగ్గట్టు పెట్రోలు పెంచుకోలేదు కాబట్టి మిశ్రమం పలచబడి వేడి పెరుగుతుంది, రబ్బరు పైపులు, సీళ్ళు ఉబ్బుతాయి. ఇథనాల్ గాలిలో తేమ పీలుస్తుంది, మన తీరంలో తేమకు కొదవ లేదు. అందుకే కొనేముందు ఆ మోడల్‌కి ఈ20 చెల్లుతుందని, వారంటీ పోదని రాసి ఇమ్మనండి. నోటిమాట చాలదు. రెండు వారాలకు సరిపడా మాత్రమే పెట్రోలు తెచ్చుకోండి. బండి వారం పైగా నిలబడుతుందంటే పెట్రోలు కుళాయి కట్టేసి, ఇంజను దానంతట అదే ఆగేదాకా నడపండి. నడిచే గంటలు ఎక్కువైతే డీజిల్ జీరో టర్న్ ఆలోచించండి. బరువు, ధర రెండూ ఎక్కువే, పైగా రేడియేటరు జాలీకి పట్టే గడ్డి రోజూ దులపాలి.

ప్రశ్న: ఇంజను స్టార్టవుతుంది. లివర్లు లోపలికి తీసుకురాగానే ఆగిపోతోంది. స్విచ్చులన్నీ కలిపేస్తే పోతుందంటున్నాడు మెకానిక్కు.

జవాబు: కలపనివ్వకండి. మనిషి పడిపోతే బ్లేడ్లు ఆపేవి ఆ స్విచ్చులే. ముందు చేతి బ్రేకు పూర్తిగా వదిలారో లేదో చూడండి. బ్రేకు మీద ఉండగా లివర్లు లోపలికి తెస్తే ఇంజను ఆగిపోవాలి, అది జబ్బు కాదు. బ్రేకు వదిలినా ఆగితే సీటు కింద స్విచ్చు, బ్రేకు స్విచ్చు, లివర్ల స్విచ్చులు, ఆ వరసలో చూడండి. ప్లగ్గు ఊడదీస్తే ఉప్పు గాలికి పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము కనబడుతుంది. కాంటాక్ట్ క్లీనరు కొట్టి ఆరబెట్టి బిగించండి. చిలుము లేకపోతే సీటు కింద ఎలుక కొరికిన తీగ కోసం వెతకండి.

ప్రశ్న: గంటసేపు బాగానే నడిచి, తర్వాత ఎత్తు ఎక్కలేకపోతోంది. హైడ్రో పోయినట్టేనా?

జవాబు: ఖరీదైన జవాబుకు ముందు చవకవి చూడండి. హైడ్రో బెల్టు అద్దంలా మెరుస్తోందా, దాన్ని బిగించే స్ప్రింగు వదులైందా? ఫ్యాను రెక్క విరిగిందా, దాని చుట్టూ గడ్డి, కొబ్బరి పీచు దట్టంగా పట్టిందా? బండిని తోసుకెళ్ళడానికి వాడే బైపాస్ లివర్ సగం తెరిచి ఉందా? ఇవన్నీ బాగుంటే నూనె మార్చండి. చాలా హైడ్రోలకు 20డబ్ల్యు-50 ఇంజనాయిలే, అయినా పుస్తకం చూసి పోయండి. కొత్త బండికి మొదటి మార్పు 75–100 గంటల మధ్య, తర్వాత 400 గంటలకోసారి.

నూనె మార్చాక గాలి తీయడం మర్చిపోతారు, దాంతో బండి కదలదు, కొత్త నూనె మీద నింద. వెనక చక్రాలు లేపి గట్టి స్టాండ్ల మీద నిలిపి, బైపాస్ తెరిచి, ఇంజను నిదానంగా తిరుగుతుండగా లివర్లు ముందుకు వెనక్కి ఐదారుసార్లు కదపండి. బైపాస్ మూసి మళ్ళీ ఐదారుసార్లు. నూనె మట్టం చూసి తగ్గినంత పోయండి. ఇంతా చేసి, వేడెక్కగానే మళ్ళీ నీరసిస్తే లోపల పంపు అరిగినట్టే.

బండి ఒక పక్కకు లాగుతోందని రాసిన మరో ఇద్దరికి కూడా ఇక్కడే: మొదట వెనక టైర్ల గాలి సమానం చేయండి, మామూలుగా 10–15 పీ.ఎస్.ఐ. లివర్ల సర్దుబాటు మరను ఆ తర్వాతే ముట్టుకోవాలి.

ప్రశ్న: తీరం పక్క ఇసుక నేల. బ్లేడ్లు మూడు వారాలకే అరిగిపోతున్నాయి.

జవాబు: మీ బ్లేడ్లు వెనక రెక్క ఎత్తుగా వంచిన రకమై ఉండాలి. ఆ రెక్క ఫ్యానులా గాలి లాగి గడ్డిని నిలబెడుతుంది. మీ దగ్గర గడ్డితోపాటు ఇసుకనూ లాగి ఉప్పుకాగితంలా బ్లేడును, డెక్ లోపలి రేకును అరగదీస్తోంది. తక్కువ రెక్క ఉన్న బ్లేడ్లు వేసుకుని, కోత ఎత్తు ఒక మెట్టు పెంచండి. డెక్ నేలను గీకకుండా ఆపే రోలర్లు చదునులో నేలకు ఆనకుండా సుమారు 2 సెంటీమీటర్లు పైనుండాలి. సాయంత్రం డెక్ కింద గడ్డిని చెక్క పారతో గీకి, మంచినీటితో కడిగి, బ్లేడ్లు రెండు మూడు నిమిషాలు తిప్పి ఆరబెట్టండి. ప్రెషర్ వాషరు స్పిండిళ్ళ మీద కొట్టకండి, సీలు దాటి నీళ్ళు బేరింగులోకి పోతాయి.

ప్రశ్న: వాడిన జీరో టర్న్ ఒకటి అమ్మకానికి ఉంది. మీటరు 600 గంటలు చూపిస్తోంది. ఏం చూడాలి?

జవాబు: మీటరును పక్కన పెట్టండి, తీగ ఊడదీస్తే అది ఆగిపోతుంది. ఇంజను ఆపి, తాళం తీసి, స్పార్కు ప్లగ్గు తీగ ఊడదీసి, తర్వాతే డెక్ కింద చెయ్యి పెట్టండి. ఒక్కో బ్లేడును చేత్తో ఊపితే స్పిండిల్ పైకీ కిందికీ కదలకూడదు. చదును నేల మీద బ్లేడు ఒక కొస ఎత్తు కొలిచి, సగం తిప్పి, రెండో కొస అదే చోట కొలవండి. 3 మిల్లీమీటర్లు మించి తేడా ఉంటే బ్లేడు వంగింది. బ్లేడు మార్చినా తేడా పోకపోతే స్పిండిల్ వంగింది. డెక్ లోపల స్పిండిల్ చుట్టూ వెల్డింగు అతుకులు కనబడితే ఆ బండి రాళ్ళలో తిరిగిందని తెలుసుకోండి. ముందు కాస్టర్ ఫోర్కులు ఊపి చూడండి.

చివరగా ఇంజను చల్లగా ఉన్నప్పుడు కాదు, యజమాని చేత ముప్పావుగంట నడిపించాక, అక్కడున్న వాలు మీద వెనక్కి ఎక్కించండి. మీరు వెళ్ళేసరికే ఇంజను వేడిగా ఉంటే, అప్పుడప్పుడే స్టార్టు చేశామన్నా నమ్మకండి, చల్లటి ఇంజను స్టార్టవుతుందో లేదో చూడటానికి మర్నాడు పొద్దున్నే చెప్పకుండా వెళ్ళండి.